అతుకుల అద్దం

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) అనగానే కాప్రా, కుషాయిగూడ, ఏఎస్ రావు నగర్ జనానికి ముందు గుర్తొచ్చేది చౌరస్తా, బస్సులు, సిగ్నల్ దగ్గర ఆగిపోయే సాయంత్రాలు. కాస్త వయసు మళ్లినవాళ్లకు ఈసీ టీవీ. ఎన్నికలొస్తే ఓటింగ్ యంత్రాలు. 21 మీటర్ల వ్యాసమున్న అద్దంతో టెలిస్కోపు ఒకటి ఈ పేటలోనే పుట్టిందంటే మాత్రం చాలామంది నమ్మలేనట్టు చూస్తారు. 2014 ప్రాంతంలో అది ఈసీఐఎల్ ఆవరణలో రూపుకట్టింది. కట్టింది ఇక్కడ ఉంచడానికి కాదు. కట్టి చూసి, విప్పి, లారీలకెక్కించి లద్దాఖ్‌లోని హాన్లేకి పంపడానికి.

దాని పేరు మేస్. పూర్తిగా చెప్పాలంటే మేజర్ అట్మాస్ఫియరిక్ చెరెంకోవ్ ఎక్స్‌పరిమెంట్. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) తలపెట్టింది, ఈసీఐఎల్ తయారు చేసింది. పైకప్పు లేదు, గుమ్మటం లేదు. ఎండకీ మంచుకీ ఆరుబయటే నిలబడే వస్తువు. అద్దాలన్నీ బిగించాక దాని ఫొటో చూసినవాళ్లెవరైనా ముందు ఏదో శిల్పం అనుకుంటారు. చౌరస్తాలో నిలబెట్టి ఉంటే దాని కింద సెల్ఫీలు దిగేవాళ్లం, రాత్రిపూట చుట్టూ రంగు దీపాలు కూడా పెట్టేవాళ్లం. అయితే దీనికి దీపమే పగ. నగరాల్లో నిలబెట్టే కాంతి శిల్పాలు వెలుగు పంచడానికి పుడితే, ఇది ఎవరి కంటికీ ఆనని ఒక వెలుగును పట్టుకోవడానికి పుట్టింది.

ఆ వెలుగు సంగతి ముందు తేల్చుకోవాలి. ఈ టెలిస్కోపు రూపమంతా, ఎత్తూ వెడల్పూ ఊరూ సహా, ఆ వెలుగు నిర్ణయించిందే.

1934లో సోవియట్ శాస్త్రవేత్త పావెల్ చెరెంకోవ్ రేడియోధార్మిక కిరణాలు తగిలిన ద్రవాల్లో సన్నని నీలి కాంతిని గమనించాడు. ద్రవం ఏదైనా కాంతి ఆగలేదు. ఎందుకొస్తోందో తర్వాత ఫ్రాంక్, టామ్ లెక్కగట్టి చెప్పారు. శూన్యంలో కాంతిని మించిన వేగం దేనికీ లేదు గానీ, నీటిలోనో గాలిలోనో కాంతి కాస్త నెమ్మదిస్తుంది. అక్కడ విద్యుదావేశమున్న కణం కాంతిని దాటిపోగలదు. దాటినప్పుడు వెనక ఈ నీలి వెలుగు పుడుతుంది. ముగ్గురికీ కలిపి 1958లో నోబెల్ వచ్చింది. వాడిన అణు ఇంధనాన్ని నీటి కొలనులో ఉంచితే చుట్టూ కనిపించే నీలి కాంతి ఇదే. ఈసీఐఎల్ పొరుగునే ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1970ల నుంచి దేశపు రియాక్టర్లకు ఇంధనం తయారు చేస్తోంది. అంటే ఒకే పేటలో ఒక గేటు లోపల ఆ నీలి కాంతికి కారణమయ్యే ఇంధనం, ఇంకో గేటు లోపల ఆ నీలి కాంతినే ఆకాశంలో వెతికే పరికరం తయారయ్యాయన్నమాట. ఎవరూ పనిగట్టుకుని కూర్చిన పొందిక కాదిది. అణుశక్తి శాఖ సంస్థలన్నీ ఒకచోట చేరితే ఇలాంటివి జరుగుతుంటాయి.

ఆకాశంలో ఆ కాంతి ఎక్కడిది? పేలిపోయిన నక్షత్రాల శకలాల నుంచి, గెలాక్సీల నడిబొడ్డున కూర్చున్న కృష్ణబిలాల చుట్టుపక్కల నుంచి అపారమైన శక్తితో గామా కిరణాలు వస్తాయి. అవి నేలదాకా చేరవు, వాతావరణం అడ్డుకుంటుంది. మనం బతికి ఉన్నది అందుకే అనుకోండి. పైన గాలిలోని పరమాణువుల దగ్గర ఒక గామా కిరణం ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. అవి మళ్లీ గామా కిరణాలను పుట్టిస్తాయి, వాటి నుంచి మళ్లీ జంటలు. ఇలా ఒక్క కిరణం వేల కణాల జడివాన అవుతుంది. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున ఆ వాన జోరందుకుంటుంది. ఆ కణాలు గాలిలో కాంతిని దాటి పరిగెత్తుతూ నీలి మెరుపును నేల మీదికి జల్లుతాయి. మెరుపు వయసు కొన్ని నానో సెకన్లు. ఒక నానో సెకన్లో కాంతి అడుగు దూరం కూడా పూర్తిగా పోదు.

రాత్రి ఆకాశపు వెలుగులో పదివేలలో ఒక వంతు దాకా ఇలాంటి మెరుపులదే అయి ఉండొచ్చని 1948లో బ్రిటిష్ శాస్త్రవేత్త బ్లాకెట్ అంచనా వేశాడు. దాన్ని నిజంగా పట్టుకున్న తీరు నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఇంగ్లండ్‌లో హార్వెల్ అణు పరిశోధన కేంద్రంలో పనిచేసే గాల్‌బ్రైత్, జెల్లీ అనే ఇద్దరు ఒక చెత్తడబ్బా తీసుకుని అడుగున జానెడు పైచిలుకు అద్దం పెట్టారు. అద్దం ముందు ఒక ఫొటోమల్టిప్లయర్ గొట్టం బిగించారు. పడిన ఒక్కొక్క కాంతి కణాన్నీ లక్షల రెట్లు పెంచి విద్యుత్తుగా చూపించే గొట్టమది. డబ్బాను ఆరుబయట ఆకాశం వైపు తిప్పి పెడితే నిమిషానికొకటో రెండో మెరుపులు దొరికాయి. 1953లో ఆ సంగతి లోకానికి వెల్లడించారు. మేస్‌కి మూలపురుషుడు ఆ చెత్తడబ్బాయే.

మెరుపులు దొరకడం వేరు, అవి ఎక్కడివో తెలియడం వేరు. గామా కిరణాలే కాదు, అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్ల వంటి కణాలూ ఇలాంటి వానే కురిపిస్తాయి, పైగా వాటి సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో అరిజోనా కొండల మీద విపుల్ అబ్జర్వేటరీలో 10 మీటర్ల అద్దాన్ని 1968లో నిలబెట్టారు. దానికి మొదటి నికార్సైన ఫలితం దక్కింది 1989లో. ఇరవయ్యొక్కేళ్లు! ట్రెవర్ వీక్స్ బృందం పట్టువదల్లేదు. ఆఖరికి పనిచేసిన ఉపాయం, మెరుపును లెక్కపెట్టడం మానేసి దాని బొమ్మ తీయడం. ఒక్క గొట్టానికి బదులు 37 గొట్టాలను పక్కపక్కనే పేర్చి కెమెరా చేశారు. గామా కిరణపు మెరుపు బొమ్మ సన్నగా, కోలగా ఉంటుంది. ప్రోటాన్లది చెదిరినట్టు, అడ్డదిడ్డంగా ఉంటుంది. ఆ తేడా పట్టుకుని వడపోస్తే క్రాబ్ నెబ్యులా బయటపడింది. 1054లో భూమ్మీద జనం పట్టపగలే చూసిన పేలుడు నక్షత్రం తాలూకు శకలం అది.

మన దేశంలో ఈ దారిలో బార్క్ వేసిన పెద్ద అడుగు రాజస్థాన్‌లోని మౌంట్ అబూ మీద కట్టిన టాక్టిక్ టెలిస్కోపు. 34 గుండ్రటి గాజు అద్దాలు, అన్నీ కలిపి తొమ్మిదిన్నర చదరపు మీటర్లు. క్రాబ్ నెబ్యులాను, మార్కేరియన్ 421 అనే గెలాక్సీని దానితో చూడగలిగారు. తక్కువ శక్తి గల గామా కిరణాలను చూడాలంటే మాత్రం అది చాలదు. శక్తి తగ్గేకొద్దీ మెరుపు పలచబడుతుంది. చదరపు మీటరుకి గుప్పెడు కాంతి కణాలు కూడా దక్కవు. పలచటి వానలో నీళ్లు పట్టాలంటే పెద్ద పాత్ర కావాలి, వీలైతే మబ్బుకి దగ్గరగా వెళ్లాలి. మేస్ తలపెట్టినవాళ్లు రెండూ చేయాలనుకున్నారు. పాత్ర 21 మీటర్ల వ్యాసం. చోటు సముద్ర మట్టానికి సుమారు 4,270 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లే. అక్కడ 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు 2000ల మొదటినుంచీ పనిచేస్తోంది. ఆకాశం ఎంత నల్లగా, ఎంత పొడిగా ఉంటుందో అప్పటికే తెలుసు.

ఇంత పెద్ద అద్దాన్ని ఒకే పలకగా ఎవరూ పోయలేరు. పోసినా లద్దాఖ్ దాకా తీసుకెళ్లే రోడ్డు లేదు. అందుకే ముక్కలు. మొత్తం 1,424 చదరపు అద్దాలు, ఒక్కొక్కటీ అర మీటరుకి కాస్త తక్కువ. నాలుగేసి కలిపి ఒక పలక, అలాంటి పలకలు 356. ఇవి గాజు అద్దాలు కావు, అల్యూమినియం. తేనెపట్టు గదుల్లాంటి అరల మీద అతికించిన పలుచటి లోహపు రేకు ముఖాన్ని వజ్రపు మొనతో చెక్కి నునుపు తేల్చారు. పైన సిలికా పూత. నున్నగా కనిపించే ప్రతి ముఖానికీ లోపల కొద్దిపాటి గుంట ఉంటుంది, ఆ గుంట లోతు అన్నిటికీ ఒకటి కాదు. మధ్యలో ఉండే అద్దానిది ఒక లెక్క, అంచుకి వెళ్లేకొద్దీ వేరే లెక్క. అన్నీ కలిసి తమ మీద పడిన కాంతిని 25 మీటర్ల ముందున్న కెమెరా మీదికి తోయాలి కాబట్టి.

ఇక్కడ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న ఇంకో వస్తువు గురించి చెప్పకుండా ఉండలేను. 2023 జూన్ 22న సచివాలయం ఎదుట తెలంగాణ అమరవీరుల స్మారకాన్ని ఆవిష్కరించారు. శిల్పి ఎం.వి. రమణారెడ్డి దాన్ని ప్రమిద ఆకారంలో, పైన జ్వాలతో మలిచారు. రాత్రి ఆ జ్వాల వెలుగుతుంటే నగరంలో అంతకన్నా పెద్ద కాంతి శిల్పం మరొకటి కనిపించదు. దాని గొప్పంతా అతుకు కనిపించకపోవడంలో ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు పలకలను ఒకదానికొకటి వెల్డింగ్ చేసి, ఆ గీత మాయమయ్యేదాకా అరగదీసి మెరుగుపెట్టారు. షికాగోలో అనీష్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్‌ది కూడా ఇదే బాట. 168 పలకలు అతికించి, అతుకులు చెరిపేసి పూర్తి చేయడానికి 2004 నుంచి 2006 దాకా పట్టింది. అది జనం చూసే అద్దం. అందులో గీత కనిపిస్తే భ్రమ చెదిరిపోతుంది.

మేస్‌ది సరిగ్గా ఎదురు దారి. అతుకులు చెరపడం అటుంచి, ప్రతి రెండు పలకల మధ్యా సందు వదిలారు. ప్రతి పలక వెనకా దాన్ని అటూ ఇటూ వంచే మోటార్లు పెట్టారు. ఎందుకంటే ఇంత బరువైన చట్రం పైకి చూసినప్పుడు ఒకలా, పక్కకి వాలినప్పుడు మరోలా వంగుతుంది. పగలు ఎండకి లోహం సాగుతుంది, రాత్రి మైనస్ డిగ్రీల చలికి ముడుచుకుంటుంది. ఒకే పలకగా ఉన్న అద్దం ఆ ఒత్తిడికి ఆకారం తప్పుతుంది. ముక్కలుగా ఉంటే దేని తప్పు అది దిద్దుకుంటుంది. నా మటుకు నాకు ఇది శిల్పంగా కూడా ఎక్కువ నచ్చుతుంది. అతుకులు లేని అద్దంలో మన మొహం, మేఘాలు, మేడలు కనిపిస్తాయి. అతుకుల అద్దంలో పని కనిపిస్తుంది.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. నక్షత్రాల ఫొటోలు తీసే టెలిస్కోపు అద్దానికి కావలసినంత నిక్కచ్చితనం దీనికి అక్కర్లేదు. కెమెరాలో ఒక్కో కన్ను చూసే ఆకాశపు ముక్క 0.125 డిగ్రీలు, అంటే చందమామ వెడల్పులో నాలుగో వంతు. కాంతి ఆ గడిలో పడితే చాలు. అందుకే లోహపు అద్దాలతో, ఆరుబయట, గుమ్మటం లేకుండా గడిచిపోతుంది. ఈ రాజీ ఎంతవరకు చేయొచ్చో ముందే లెక్క తేల్చుకోవడంలోనే సగం ఇంజనీరింగ్ ఉంది.

ఈ పని ఈసీఐఎల్‌కే ఎందుకు దక్కిందంటే, పాత చరిత్ర కొంత తవ్వాలి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, స్టాన్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, హోమీ భాభా దగ్గర అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నిలబెట్టాడు. రియాక్టరుకి కావలసిన పరికరాలను దిగుమతి చేసుకోకుండా మనమే చేసుకోవాలన్నది ఆయన పట్టు. ఆ పట్టులోంచే 1967లో ఈసీఐఎల్ పుట్టింది. ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. కాలనీ పేరు రోజూ పలికేవాళ్లలో ఆ రావు ఎవరో చెప్పగలిగేవాళ్లు ఎందరో గానీ, సంస్థ మాత్రం ఆయన పెట్టిన దారి తప్పలేదు. టీవీ, కంప్యూటరు, ఓటింగ్ యంత్రం అయ్యాక భారీ గిన్నెల వంటి యాంటెన్నాల దాకా వచ్చింది. 2008లో చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా కూడా ఈసీఐఎల్ చేసిందే. అంత పెద్ద గిన్నెను ఆకాశంలో కదిలే ఒక చుక్క వెంట సాఫీగా తిప్పడం, గాలి తోసినా గురి తప్పకుండా పట్టి ఉంచడం అప్పటికే చేతికి అలవాటైన పని. మేస్‌లో అద్దాలు కొత్త, తిప్పడం పాతదే.

తిప్పే ఏర్పాటు రైలును తలపిస్తుంది. నేల మీద 27 మీటర్ల వ్యాసంతో గుండ్రటి పట్టా, దాని మీద ఆరు చక్రాలు. ఆ చక్రాల మీద మొత్తం నిర్మాణం దిక్కు మార్చుకుంటుంది, అద్దం కిందికీ పైకీ వంగుతుంది. బరువు 180 టన్నుల దరిదాపు. కెమెరా ఒక్కటే టన్నుకి పైన. ఆ టన్నును 25 మీటర్ల దూరంలో, అద్దానికి ఎదురుగా, వణకకుండా పట్టుకోవాలి. అందులో 1,088 ఫొటోమల్టిప్లయర్ గొట్టాలు, వాటి ఎలక్ట్రానిక్స్ అంతా అక్కడే. హార్వెల్ చెత్తడబ్బాలో ఒకటి, విపుల్‌లో 37, ఇక్కడ 1,088. యాభై అరవై ఏళ్ల ప్రయాణాన్ని ఈ మూడు అంకెలే చెప్పేస్తాయి.

ఇన్ని భాగాలను నేరుగా హాన్లేకి పంపి అక్కడే బిగిస్తే పోయేదిగా అనిపించొచ్చు. హాన్లేలో గాలి మనకి దొరికే దానిలో అరవై శాతమే ఉంటుంది. బయటివాళ్లు వెళ్తే నాలుగు మెట్లెక్కినా ఆయాసమే. చలికాలం మైనస్ ఇరవై దాటిపోతుంది, దారులు మంచుతో మూసుకుపోతాయి. పని సాగే నెలలు తక్కువ. అక్కడ ఒక బోల్టు రంధ్రం తప్పు చోట పడిందని తేలితే ఆ ఏడాది పోయినట్టే. అదే కాప్రాలో తేలితే పక్క వర్క్‌షాపులో సాయంత్రానికి సరిచేసుకోవచ్చు. అందుకని దూలాలు, చట్రం, చక్రాలు, పట్టా అన్నీ ఇక్కడ ఈసీఐఎల్ ఆవరణలో కూర్చి చూశారు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కట్టేవాళ్లు తిరునాళ్ల అయ్యాక విప్పి దాచుకున్నట్టు, కట్టినదాన్ని మళ్లీ ముక్కలుగా విప్పారు. తేడా ఏమిటంటే ఈ ప్రభకు తిరునాళ్ల జరిగే చోటు రెండు వేల కిలోమీటర్ల పైమాటే.

ఒకటి మాత్రం కాప్రాలో పరీక్షించడానికి వీల్లేదు, అది పట్టుకోవలసిన వెలుగును. వీధి దీపాలు, హోర్డింగులు, బైపాస్ మీద లారీల హెడ్‌లైట్లు, ఇవన్నీ కలిసి నగరం మీద ఒక పచ్చటి పొగలా వెలుగు కమ్ముకుని ఉంటుంది. అందులో చెరెంకోవ్ మెరుపు వెతకడం జాతరలో గుసగుస వినాలనుకోవడమే. కాబట్టి యంత్రంగా అది ఎలా కదులుతుందో ఇక్కడే తెలుసుకున్నారు గానీ, కన్నుగా అది చూస్తుందో లేదో హాన్లే వెళ్లేదాకా తేలే విషయం కాదు. ఇన్నేళ్ల పనిని ఆ ఒక్క సందేహంతో పెట్టెల్లో సర్దడానికి గుండె దిటవు కావాలి.

లేహ్ దాకా ఒక ఎత్తు, అక్కడి నుంచి సింధు నది పక్కగా హాన్లే దాకా ఇంకో రెండు వందల యాభై కిలోమీటర్ల దాకా. అక్కడ కాంక్రీటు పునాది, పట్టా, దాని మీద చట్రం, చివరికి అద్దాలు. అద్దాలు బిగించడంతో పని అయిపోదు. 356 పలకల్లో ప్రతిదాన్నీ సరిచూసుకోవాలి. ఇలాంటి టెలిస్కోపుల్లో మామూలుగా చేసేదేమిటంటే, ప్రకాశవంతమైన ఒక నక్షత్రం వైపు తిప్పి, ప్రతి పలక నుంచి వచ్చే చుక్కలన్నీ ఒకేచోట కలిసేదాకా వెనక మోటార్లతో సవరిస్తారు. మొదట చెల్లాచెదురుగా మినుకుమనే చుక్కలు ఒక్కొక్కటే జరిగి ఒక్క చుక్కలో చేరతాయి. పగలు ఇంకో జాగ్రత్త. సూర్యుడు పొరపాటున ఈ అద్దం ముందుకొస్తే కెమెరా ఉన్నచోట కొలిమి తయారవుతుంది.

2021 ఏప్రిల్లో మేస్ మొదటిసారి కళ్లు తెరిచి క్రాబ్ నెబ్యులాను గుర్తుపట్టింది. విపుల్‌కి ఇరవయ్యొక్కేళ్లు పట్టిన ఆ వస్తువే ఇప్పుడు ఈ రంగంలో కొత్త టెలిస్కోపు పనిచేస్తోందా లేదా అని చూసే పరీక్షగా మారింది. అసలు ఆనందం ఆ తర్వాతది. 2022 డిసెంబరులో పెర్సియస్ గుంపులోని ఎన్‌జీసీ 1275 అనే గెలాక్సీ ఒక్కసారిగా రెచ్చిపోయింది. అక్కడి కృష్ణబిలం పరిసరాల్లో ఏదో పెద్ద అలజడి. ఆ కాంతి అక్కడ బయల్దేరి 20 కోట్ల ఏళ్లు దాటింది. మేస్ ఆ రాత్రుల్లో అటు తిరిగి ఉంది, పట్టుకుంది, ప్రపంచంలోని మిగతా ఖగోళ శాస్త్రవేత్తలకు కబురు చేసింది.

లాంఛనంగా దీన్ని ప్రారంభించింది 2024 అక్టోబరు 4న, అణుశక్తి శాఖ కార్యదర్శి అజిత్ కుమార్ మొహంతి చేతుల మీదుగా. అణుశక్తి శాఖ పుట్టి 70 ఏళ్లైన సందర్భం. ఆసియాలో ఈ తరహా టెలిస్కోపుల్లో ఇదే పెద్దది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నదీ ఇదే. రిబ్బన్ కత్తిరించేనాటికి అది మూడున్నరేళ్లుగా వెన్నెల లేని రాత్రుల్లో పని చేసుకుంటూనే ఉంది.